వలస కార్మికుల సినిమాలంటే ఏడుపేనా? దోపిడీ ఎలా నడుస్తుందో చూపించినవి ఉంటే చెప్పండి

రీలుమారింది
మొన్న వీకెండ్ మలయాళం సినిమా 'ఆడుజీవితం' (పనికని గల్ఫ్‌కి పోయి ఎడారిలో చిక్కుకున్నవాడి కథ) మళ్లీ చూశా. చూసి ఫ్రెండ్స్ గ్రూపులో పెడితే వచ్చిన రిప్లైలన్నీ ఒకటే టైపు, హీరో ఎన్ని కిలోలు తగ్గాడు, ఆ షాట్ ఎలా తీశారు, ఎడారి ఎంత బాగా కనిపించింది. సరే అవన్నీ నిజమే. కానీ ఒక మనిషి ఎయిర్‌పోర్టులో దిగగానే ఎవడో వచ్చి బండెక్కించుకుపోతే, ఏళ్ల తరబడి జీతం లేకుండా గొడ్డు చాకిరీ చేయించుకుంటే, అడిగే నాథుడు ఎందుకు లేడు అని ఒక్కడూ అనలేదు. సినిమా కూడా ఆ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగదనిపించింది నాకు. ఈ టైపు సినిమాలు దాదాపు అన్నీ ఇంతే కదా... ఒక అమాయకుడు, ఒక రాక్షసుడు, మధ్యలో బోలెడు కన్నీళ్లు, చివర్లో దేవుడి దయ. జీతం ఎవడు నొక్కేశాడు, కాగితం మీద ఏం రాసుంది, ఏజెంటుకి ఎంత పోయింది, నలుగురూ కలిసి అడిగితే ఏమైంది, ఇవేవీ కథలోకి రావు. అవి చూపించే సినిమాలుంటే చెప్పండి, ఏ భాషైనా పర్లేదు, డాక్యుమెంటరీ అయినా పర్లేదు. 'గుండె పిండేసే సినిమా' అని మాత్రం సజెస్ట్ చేయొద్దు ప్లీజ్

సగంటికెట్టు
ఏడిస్తే తప్పేంటి బ్రో. నేను థియేటర్లో ఆగకుండా ఏడ్చా, పక్క సీటాయన కర్చీఫ్ ఇచ్చాడు. సినిమాకి వెళ్లేది లేబర్ కోర్టు ఆర్డరు చదవడానికి కాదు కదా

లేబర్‌లా_లలిత
స్పాయిలర్ ఉంది, చూడనివాళ్లు ఈ పోస్ట్ దాటెయ్యండి.

రీలుమారింది గారూ, మీరు ఆ సినిమాకి కొంచెం అన్యాయం చేస్తున్నారు. చివర్లో జైల్లో అందర్నీ లైన్లో నిలబెట్టే సీను గుర్తు తెచ్చుకోండి. యజమానులు వచ్చి తమ దగ్గర్నుంచి పారిపోయినవాళ్లని గుర్తుపట్టి లాక్కుపోతుంటారు. ఇతన్ని చాకిరీ చేయించుకున్నవాడు కూడా వస్తాడు, ఎదురుగా నిలబడి చూస్తాడు, వదిలేసి వెళ్లిపోతాడు. ఎందుకు? ఇతను వాడి వీసా మీద వచ్చినవాడే కాదు కాబట్టి. అంటే అన్నాళ్లు మనిషిని పశువులా వాడుకున్నవాడికి కాగితం మీద ఇతనితో ఏ సంబంధమూ లేదు. అదే కాగితం వాడి పేరు మీద ఉండుంటే చట్టప్రకారమే మళ్లీ ఆ ఎడారికి తోలుకుపోయేవాడు! గల్ఫ్‌లో కఫాలా పద్ధతి ఏంటో ఇంతకంటే బాగా చెప్పలేరు. ఆ దేశంలో నువ్వు ఉండాలా వద్దా అన్నది నీ యజమాని పేరుకి ముడేసి ఉంటుంది, పని మానేస్తే పోయేది జీతం ఒక్కటే కాదు, అక్కడ ఉండే హక్కు కూడా పోతుంది, పైగా 'పరారీ' అని కేసు. డైరెక్టర్ బ్లెస్సీ దాని కింద గీత గీసి చూపించలేదు, అంతే.

రీలుమారింది
సీను బాగుంది, కాదనను. కానీ దాదాపు మూడు గంటల సినిమాలో అది రెండు నిమిషాలు. నా కంప్లైంటే అది లలిత గారూ

పాతప్రొజెక్టర్
గంట సినిమా ఒకటి చెప్తా. 'లా న్వార్ ద', 1966, ఉస్మాన్ సెంబెన్ తీసింది. సెనెగల్ రాజధాని డకార్‌లో ఒక ఫ్రెంచి కుటుంబం పిల్లల్ని చూసుకోడానికి ఒకమ్మాయిని పెట్టుకుంటారు, పేరు డియువానా. తర్వాత ఆ అమ్మాయిని ఫ్రాన్స్ రమ్మంటారు, ఎగిరి గంతేస్తుంది. అక్కడికి పోయాక పిల్లల పని కాస్తా వంట, అంట్లు, బట్టలు, అతిథులకి వడ్డన అన్నీ అయిపోతుంది. సముద్రం పక్కనే ఊరు, ఆమె చూసేది మాత్రం వంటిల్లూ బాత్‌రూమూ. ఇందులో కొట్టే సీను కోసం వెతక్కండి, నరకం అంతా ఆ ఫ్లాటులోనే రోజువారీగా జరిగిపోతుంటుంది.

అందులో ఒక ఉత్తరం సీను ఉంది. ఇంటి దగ్గర్నుంచి తల్లి పేరుతో ఉత్తరం వస్తుంది, డబ్బు పంపలేదేంటి అని. అమ్మాయికి చదువు రాదు. యజమానే చదివి వినిపించి, జవాబు కూడా తనే రాయడం మొదలుపెడతాడు, నేను బాగున్నాను, సార్ వాళ్లు బాగా చూసుకుంటున్నారు అనే ధోరణిలో. ఎవడి మీద కంప్లైంట్ చేయాలో వాడే కూర్చుని కంప్లైంటు లేదని రాసిపెడుతున్నాడన్నమాట. ఆమె ఆ కాగితం చించేస్తుంది. సెంబెన్ స్వయంగా మార్సెయ్ ఓడరేవులో మూటలు మోసిన మనిషి, యూనియన్లో తిరిగిన మనిషి, అది అడుగడుగునా తెలుస్తుంది. ముగింపు చెప్పను.

సగంటికెట్టు
ఇది కూడా ఏడుపు సినిమాలానే ఉంది తాతా

పాతప్రొజెక్టర్
చూసి చెప్పు. ఏడుపు రాదు, ఒళ్లు మండుతుంది.

నైట్‌డ్యూటీ
పాతప్రొజెక్టర్ అన్నా ఆ ఉత్తరం ముచ్చట చెప్పినవ్ సూడు, గదే అసలైంది. నేను బయట దేశంల ఒక హోటల్ లాండ్రీల పనిచేసిన. ఇక్కడ సంతకం పెట్టించుకున్న కాంట్రాక్టు ఒకటి, ఆడ దిగినంక చేతిల పెట్టింది ఇంకోటి. ఆ రెండోది మాకు చదువరాని భాషల ఉంది, జీతం తక్కువ డ్యూటీ ఎక్కువ. సంతకం పెట్టకుంటే వాపస్ పో అన్నరు. వాపస్ ఎట్ల పోతం, ఏజెంటుకు కట్టిన పైసలు మిత్తికి తెచ్చినయి, మిత్తి ఆగదు గద. పాస్‌పోర్టు ఆఫీసు లాకర్ల పెట్టిండ్రు, పోగొట్టుకుంటరు అని మా మంచికే అన్నట్టు. ఎవ్వడు కొట్టలే, ఎవ్వడు తిట్టలే. మేనేజర్ అయితే నవ్వుకుంటనే మాట్లాడేటోడు, పేరు పెట్టి పిలిచేటోడు. నవ్వుకుంటనే ఓవర్‌టైం పైసలు వచ్చే నెల అనేటోడు. ఆ వచ్చే నెల ఎన్నడు రాలే. గందుకే సినిమాలల్ల కొరడా పట్టుకున్న విలన్‌ను సూస్తే నాకు నవ్వొస్తది, గసొంటోడు ఉంటే కనీసం మేం అందరం కల్సి తిరగబడుదుం

రీలుమారింది
నైట్‌డ్యూటీ అన్నా, నేను మొదటి పోస్టులో చెప్దామనుకుని చెప్పలేకపోయింది ఇదే

లేబర్‌లా_లలిత
నైట్‌డ్యూటీ గారు చెప్పినదాంట్లో ఒక్క దెబ్బ లేదు. అయినా అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) వెట్టిచాకిరీని గుర్తుపట్టడానికి 11 లక్షణాలు పెట్టింది, వాటిల్లో మోసం, అప్పుతో కట్టెయ్యడం, గుర్తింపు పత్రాలు దగ్గర పెట్టుకోవడం, జీతం ఆపడం, మితిమీరిన ఓవర్‌టైం, ఇవన్నీ విడివిడిగా ఉన్నాయి. శారీరక హింస అనేది ఆ 11లో ఒకటి మాత్రమే. మన సినిమా వాళ్లు ఆ ఒక్కటే పట్టుకుంటారు, కెమెరాకి అదే అందుతుంది కాబట్టి. వడ్డీ పెరగడాన్ని ఎలా షూట్ చేస్తారు చెప్పండి?

ఏజెంటు ఫీజు సంగతి కూడా చెప్తా. ఉద్యోగం ఇప్పించినందుకు కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదు అనేది 1997 నాటి ఐఎల్ఓ 181వ ఒప్పందంలోనే ఉంది, మినహాయింపులు కొద్దిగానే ఇచ్చారు. అన్ని దేశాలూ దాని మీద సంతకం పెట్టలేదు, పెట్టినచోట కూడా రశీదు లేకుండా వసూళ్లు నడుస్తూనే ఉంటాయి.

పాతప్రొజెక్టర్
వడ్డీని షూట్ చేశాడమ్మా బిమల్ రాయ్, 1953లోనే. 'దో బీఘా జమీన్'. శంభు లెక్క ప్రకారం బాకీ 65 రూపాయలు, జమీందారు దస్తావేజులో 235. రైతుకి చదువు రాదు, కోర్టు కాగితాన్నే నమ్ముతుంది, మూడు నెలల గడువు ఇస్తుంది. రిక్షా లాగడం, కొడుకు బూట్లు పాలిష్ చేయడం, యాక్సిడెంటు, అన్నీ ఆ రెండు అంకెల మధ్య తేడాలోంచే వస్తాయి. బల్‌రాజ్ సాహ్నీ రిక్షా లాగాడని అందరూ చెప్తారు, ఆ లెక్కల పుస్తకం సీను సంగతి ఎవరూ చెప్పరు.

ఇంటర్వెల్_బ్యాంగ్
హక్కుల గురించి అంటే మాత్రం కెన్ లోచ్ 'బ్రెడ్ అండ్ రోజెస్' (2000) చూడకుండా మాట్లాడకూడదు. లాస్ ఏంజిలిస్ ఆఫీసు బిల్డింగుల్లో రాత్రిపూట తుడిచే క్లీనర్లు, ఎక్కువమంది మెక్సికో, మధ్య అమెరికా నుంచి వచ్చినవాళ్లు. జస్టిస్ ఫర్ జానిటర్స్ అని నిజంగా జరిగిన ఉద్యమం వెనకాల ఉంది, 1990 జూన్‌లో సెంచురీ సిటీలో ఊరేగింపు మీద పోలీసులు విరుచుకుపడ్డారు, అప్పుడే అది దేశమంతా తెలిసింది. ఆ ఉద్యమం కనిపెట్టిన కిటుకు ఏంటంటే, క్లీనింగ్ కాంట్రాక్టరుతో పోట్లాడి లాభం లేదు, వాడిని ఆ బిల్డింగ్ ఓనరు రేపు మార్చేసి ఇంకొకణ్ణి తెచ్చుకుంటాడు. కాబట్టి ఓనర్లనీ, అందులో అద్దెకున్న పెద్ద కంపెనీలనీ పబ్లిక్‌లో సిగ్గుపడేలా చెయ్యాలి. సినిమాలో పార్టీ మధ్యలోకి వాక్యూమ్ క్లీనర్లతో దూరే గోల అదే

సగంటికెట్టు
ఓహ్ ఇది చూశా, ఏడ్రియన్ బ్రోడీ ఉన్నాడు కదా. కామెడీగానే మొదలవుతుంది

ఇంటర్వెల్_బ్యాంగ్
అవును కానీ అక్కాచెల్లెళ్ల సీను వచ్చాక కామెడీ అంతా ఆవిరైపోతుంది. యూనియన్ పెట్టేవాళ్ల పేర్లు మేనేజరుకి చేరవేసింది ఎవరో కాదు, సొంత అక్క రోసా. చెల్లెలు మాయా నిలదీస్తే అక్క బద్దలైపోతుంది, ఇన్నేళ్లు ఇంటికి పంపిన డబ్బు ఎలా సంపాదించిందో, ఈ ఉద్యోగం చెల్లెలికి ఇప్పించడానికి సూపర్‌వైజరుకి ఏం ఇచ్చుకుందో అప్పుడు చెప్తుంది. ఆమెని ద్రోహి అనలేం, అలాగని ఆమె చేసినదాన్ని మాఫీ కూడా చేయలేం. యూనియన్ సినిమాల్లో అందరూ జెండా పట్టుకుని ఒకే మాట మీద నిలబడ్డట్టు చూపిస్తారే, ఇక్కడ అలా ఉండదు

నైట్‌డ్యూటీ
మా రూంల గూడ ఒకడు ఉండె, మేం మాట్లాడుకున్నయన్నీ ఆఫీసుకు మోసేటోడు. ఆనికి ఇంట్ల ఏం కష్టముండెనో ఎవ్వలకు ఎరుక. ఈ సినిమా సూస్త

సైట్‌లో_ఉన్నా
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండోవైపు కూడా వినండి. నేను కన్‌స్ట్రక్షన్ లేబర్ కాంట్రాక్టులు చూస్తా. పైన ఒక మెయిన్ కంపెనీ, దాని కింద సబ్ కాంట్రాక్టరు, వాడి కింద ఇంకొకడు, ఆ కింద మేం, మా కింద మేస్త్రీ. పైనుంచి బిల్లు మూడు నెలలైనా రాదు. టెండర్లో రేటు ఎవడు తక్కువ కోట్ చేస్తే వాడిదే, తక్కువ కోట్ చేసినవాడు ఎక్కడ మిగుల్చుకుంటాడు, లేబర్ దగ్గరే కదా. దానికి కాంట్రాక్టర్ని రాక్షసుడంటే ఎలా. మా జేబులోంచి అడ్వాన్సులు ఇచ్చిన రోజులు కూడా ఉన్నాయి. సినిమావాళ్లకి ఇది ఎక్కదు

పాతప్రొజెక్టర్
ఎక్కింది నాయనా, అదే కెన్ లోచ్‌కి, అదే రచయిత పాల్ లావర్టీకి. 'ఇట్స్ ఎ ఫ్రీ వరల్డ్', 2007. హీరోయినే లేబర్ కాంట్రాక్టరు. ఏంజీ అని లండన్‌లో ఒంటరి తల్లి, పనిచేసే ఏజెన్సీ వాళ్లు పీకేస్తే ఫ్రెండుతో కలిసి సొంతంగా మొదలుపెడుతుంది, పొద్దున్నే ఒక పబ్ పెరట్లో వలస కార్మికుల్ని పోగేసి వ్యాన్లెక్కించి ఫ్యాక్టరీలకీ సైట్లకీ పంపడం. తెలివైనది, కష్టపడుతుంది, మనకి ఇష్టం పుడుతుంది. తర్వాత ఒక క్లయింటు ఇచ్చిన చెక్కు బౌన్స్ అవుతుంది, జీతాలు ఆగుతాయి. ఆ తర్వాత కాగితాలు లేనివాళ్లయితే చవకని తెలుస్తుంది. ఒక్కో మెట్టూ దిగుతుంటే ప్రతి మెట్టుకీ ఆమె దగ్గర ఒక కారణం ఉంటుంది, నీ దగ్గరున్నట్టే. దీనికి వెనిస్‌లో స్క్రీన్‌ప్లే అవార్డు ఇచ్చారు.

సైట్‌లో_ఉన్నా
నీ దగ్గరున్నట్టే అంటే నన్ను ఎత్తిపొడుస్తున్నారా

పాతప్రొజెక్టర్
సినిమా చూసి నువ్వే చెప్పు, గంటన్నర పైన కొంచెం.

డాక్యుమెంటరీ_బాబాయ్
పైన సైట్‌లో_ఉన్నా చెప్పిన గొలుసు విషయం మీద ఒకటి. 'ఫుడ్ చెయిన్స్' అని 2014 డాక్యుమెంటరీ, ఫ్లోరిడాలోని ఇమోకలీలో టమాటాలు కోసే వలస కూలీలది. వాళ్లు మొదట రైతులతో కొట్లాడారు, రైతు ఏమన్నాడు, నాకే గిట్టుబాటు లేదు అన్నాడు. అది కొంతవరకు నిజం కూడా, ఎందుకంటే రేటు పెట్టేది పొలం దగ్గర కాదు, టన్నులకొద్దీ కొనే సూపర్‌మార్కెట్లూ ఫాస్ట్‌ఫుడ్ కంపెనీలూ. అప్పుడు కూలీలు లైను మార్చారు, పౌనుకి ఒక్క సెంటు ఎక్కువ ఇవ్వండి, మమ్మల్ని హింసించే తోటలో సరుకు కొనకండి అని నేరుగా ఆ కంపెనీల మీదకి వెళ్లారు. ఒక పెద్ద సూపర్‌మార్కెట్ హెడ్డాఫీసు ముందు ఆరు రోజులు నిరాహార దీక్ష చేస్తారు, సినిమా దాని చుట్టూనే తిరుగుతుంది. చాలా పెద్ద కంపెనీలు ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. రీలుమారింది అడిగింది ఇలాంటిదే అనుకుంటా, ఎవరి చేతిలో పవరుందో కనుక్కోవడం కథ.

దీనికి తాత లాంటిది 'హార్వెస్ట్ ఆఫ్ షేమ్'. 1960 నవంబర్ 25న అమెరికాలో సీబీఎస్ టీవీలో వేశారు, థ్యాంక్స్‌గివింగ్ తెల్లారి, జనం ఇంకా విందు అరక్కముందే, కావాలనే. జర్నలిస్టు ఎడ్వర్డ్ మర్రో ప్రెజెంట్ చేశాడు. ఒకప్పుడు బానిసల్ని కొనుక్కునేవాళ్లం, ఇప్పుడు అద్దెకి తెచ్చుకుంటున్నాం అని ఒక పొలం యజమాని అన్న మాట అందులోదే. అమెరికాలో 1938 కనీస వేతన చట్టం వచ్చినప్పుడు పొలం కూలీల్ని పక్కన పెట్టేశారు, ఆ ప్రోగ్రాం వేసేనాటికి కూడా వాళ్లకి కనీస వేతనం లేదు

సగంటికెట్టు
బాబాయ్ మీ పోస్టు చదవడానికే ఇంటర్వెల్ కావాలి 😅

సుజాత_సబ్‌టైటిల్స్
ఇక్కడ ఎవరూ ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్ల గురించి మాట్లాడట్లేదేంటి, సెంబెన్ సినిమా ఒక్కటి తప్ప. 'సండే బ్యూటీ క్వీన్' (2016) చూడండి, హాంకాంగ్‌లో ఇళ్లల్లో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆడవాళ్లు ఆదివారం సెలవు రోజున అందాల పోటీ పెట్టుకుంటారు. గౌన్లు, కిరీటాలు, ర్యాంపు, అంతా సరదాగానే ఉంటుంది. ఒకపక్క వాచీ చూసుకుంటుంటారు, టైముకి ఇంటికి చేరకపోతే ఓనరుకి కోపం. యజమాని ఇంట్లోనే ఉండాలని రూలు, కాబట్టి డ్యూటీ అయిపోయిందని తలుపేసుకునే పరిస్థితే లేదు. ఉద్యోగం పోతే రెండు వారాల్లో దేశం వదలాలి, సరిగా చూడని ఇంట్లోంచి ధైర్యం చేసి బయటికొచ్చినా ఆ రెండు వారాల్లో ఇంకో ఇల్లు దొరకాలి. ఆ రూలు తెలిశాక ఆ నవ్వులు వేరేలా కనిపిస్తాయి.

'ఓవర్‌సీస్' అని 2019లో ఇంకోటి. ఫిలిప్పీన్స్‌లోనే ట్రైనింగ్ సెంటరు, వెళ్లబోయేవాళ్లు తమలో తామే మేడం వేషం ఒకరు, పనిమనిషి వేషం ఒకరు వేసుకుని తిట్లు తినడం ప్రాక్టీసు చేస్తుంటారు! నాకు అది చూస్తుంటే కడుపులో తిప్పేసింది. తిట్లు పడటం కూడా సిలబస్ అన్నమాట

ఇంటర్వెల్_బ్యాంగ్
'బ్యూటిఫుల్' (2010) చెప్పరేంటి ఎవరూ, ఇన్యారీతు తీసింది. బార్సిలోనాలో బేస్‌మెంటులో చైనా కార్మికులు

రీలుమారింది
అది చూసే నాకు ఈ చిరాకు మొదలైంది బ్రో. హవియర్ బార్డెమ్ చవక హీటర్లు కొనిస్తే గ్యాసుకి ఆ గదిలో పడుకున్నవాళ్లంతా చనిపోతారు. తర్వాత సినిమా అంతా ఈయన బాధ, ఈయన అపరాధభావం. చనిపోయినవాళ్లలో ఎంతమంది పేర్లు మనకి తెలుసు? హీరో ఆత్మశోధనకి వాళ్లు సామగ్రి

ఇంటర్వెల్_బ్యాంగ్
ఆ లెక్కన డార్డెన్ బ్రదర్స్ 'లా ప్రొమెస్' కూడా తీసెయ్యాలి. అక్కడ కూడా కాగితాలు లేని కార్మికుడు హమీదు పరంజా మీద నుంచి పడి చనిపోతే కథ ఓనరు కొడుకుది కదా

రీలుమారింది
లేదు లేదు, అక్కడ తేడా ఉంది. ఎందుకు పడ్డాడు, లేబర్ ఇన్‌స్పెక్టర్లు వస్తున్నారని అందర్నీ పరుగెత్తిస్తే ఆ కంగారులో పడ్డాడు. ఆస్పత్రికి తీసుకెళ్తే గుట్టు బయటపడుతుందని బతికున్నవాణ్ణి వదిలేశారు. చూడు, కార్మికుణ్ణి కాపాడాల్సిన తనిఖీయే వాడి ప్రాణం మీదకి వచ్చింది, ఎందుకంటే దొరికితే నష్టపోయేది ఓనరుతో పాటు వాడు కూడా. ఇది మెకానిజం. 'బ్యూటిఫుల్'లో ఉన్నది మూడ్

లేబర్‌లా_లలిత
రీలుమారింది చెప్పింది చాలా దేశాల్లో నిజంగా ఉన్న గొడవే. లేబర్ తనిఖీనీ ఇమిగ్రేషన్ తనిఖీనీ కలిపేస్తే కార్మికుడు ఇన్‌స్పెక్టర్ని చూసి దాక్కుంటాడు. రెండింటి మధ్య గోడ ఉండాలని కార్మిక సంఘాలు ఎప్పట్నుంచో అడుగుతున్నాయి.

సగంటికెట్టు
సరే ఇన్ని సినిమాలు చెప్పారు, వీటివల్ల ఏదైనా మారిందా అసలు? 'రోజెట్టా' సినిమా వచ్చాక బెల్జియంలో ఉద్యోగాల కోసం చట్టమే తెచ్చారంటారు కదా

పాతప్రొజెక్టర్
అది అందరూ చెప్పుకునే కథ. ఆ ఉద్యోగ పథకం అప్పటికే తయారవుతోంది, సినిమాకి కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో అవార్డు రాగానే ఆ పేరు పెట్టేశారు. ఆ సినిమా తీసిన డార్డెన్ సోదరులే ఆ మాట చెప్పారు.

డాక్యుమెంటరీ_బాబాయ్
వరస మామూలుగా తిరగబడి ఉంటుంది. 2004 ఫిబ్రవరి 5 రాత్రి ఇంగ్లండ్‌లో మోర్‌కాంబ్ బే దగ్గర గవ్వలు ఏరుతున్న చైనా కార్మికులు సముద్రం పోటెత్తి మునిగిపోయారు, కనీసం 21 మంది. అదే ఏడాది గ్యాంగ్‌మాస్టర్ల లైసెన్సు చట్టం వచ్చింది, పొలాలకీ గవ్వల పనికీ ఫుడ్ ప్రాసెసింగుకీ కూలీల్ని సప్లై చేయాలంటే లైసెన్సు ఉండాలని. దాని మీద నిక్ బ్రూమ్‌ఫీల్డ్ 'గోస్ట్స్' తీసింది 2006లో. అంటే ముందు శవాలు, తర్వాత చట్టం, ఆ తర్వాతే సినిమా. అందులో హీరోయిన్‌గా చేసినామె కూడా నిజజీవితంలో కాగితాలు లేకుండా వచ్చి పనిచేసిన మనిషే, సినిమా చూస్తుంటే నటన అనిపించదు

సుజాత_సబ్‌టైటిల్స్
ఒక మనిషికైతే మారింది. 'సులేమాన్ స్టోరీ' (2024), పారిస్‌లో సైకిల్ మీద ఫుడ్ డెలివరీ చేసే గినియా కుర్రాడు. హీరో అబూ సంగారే నటుడు కాదు, మెకానిక్, అతనికే అప్పటికి కాగితాలు లేవు. కాన్స్‌లో 'అన్ సర్టెన్ రిగార్డ్' అనే విభాగంలో బెస్ట్ యాక్టర్ తీసుకున్నాడు, అప్పటికీ లేవు! 2025లో ఇచ్చారు.

కథలో కూడా దోపిడీ మొత్తం యాప్‌లో ఉంది. తన పేరు మీద అకౌంటు తెరవలేడు కాబట్టి ఇంకొకడి అకౌంటు అద్దెకి తీసుకుంటాడు. తొక్కేది ఇతను, డబ్బు పడేది వాడి ఖాతాలో, వాడు తన వాటా కోసుకుని ఎప్పుడిస్తే అప్పుడు. మధ్యలో యాప్ సెల్ఫీ అడుగుతుంది, మొహం వెరిఫై చెయ్యమని. అంటే ఆ అకౌంటు ఓనరు ఎక్కడుంటే అక్కడికి పరుగెత్తాలి. సైట్‌లో_ఉన్నా గారు చెప్పిన గొలుసే ఇదీ, పైన కంపెనీకి ఇతను ఉన్నాడని కూడా తెలీదు

నైట్‌డ్యూటీ
పాస్‌పోర్టు లాకర్ల పెట్టుడు పోయి గిప్పుడు మొకం లాకర్ల పెడుతున్నరన్నట్టు

సగంటికెట్టు
నైట్‌డ్యూటీ అన్నకి ఒక లైకు ఎక్స్‌ట్రా

పాతప్రొజెక్టర్
భాష రాకపోవడం గురించి నైట్‌డ్యూటీ చెప్పాడు కదా, దానికి 'మూన్‌లైటింగ్' (1982). నలుగురు పోలండ్ పనివాళ్లు లండన్‌లో తమ బాసు ఇల్లు బాగుచేయడానికి దొంగచాటుగా వస్తారు. నలుగురిలో ఇంగ్లీషు వచ్చింది ఒక్కడికే, జెరెమీ ఐరన్స్. 1981 డిసెంబరులో వాళ్ల దేశంలో సైనిక పాలన పెడతారు, ఫోన్లు బంద్, విమానాలు బంద్. ఆ కబురు ఇతనికొక్కడికే తెలుస్తుంది. చెప్పడు, చెప్తే పని ఆగిపోతుందని. వాడూ కూలివాడే, చేతిలో డబ్బులైపోతే షాపుల్లో దొంగతనం చేసి వాళ్లకి తిండి పెడతాడు, అయినా నిజం మాత్రం చెప్పడు. మన మనిషే మన మీద బాసయ్యే సంగతి ఇంత చల్లగా చెప్పినవాడు ఇంకొకడు లేడు.

డాక్యుమెంటరీ_బాబాయ్
నాకు ఈ సినిమాలన్నిటి మీదా ఒక అనుమానం ఉంది, 'మెషీన్స్' (2016) చూశాక వచ్చింది. రాహుల్ జైన్ తీశాడు, సూరత్ దగ్గర బట్టల మిల్లు, వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు పన్నెండేసి గంటల షిఫ్టులు. కెమెరా పనితనానికి సన్‌డాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో అవార్డు కూడా వచ్చింది, ఆవిరి, రంగులు, నిద్రకి తూలిపోతున్న కుర్రాడు, చూస్తే కళ్లు తిప్పుకోలేం. చివరికొచ్చేసరికి కార్మికులు గుంపుగా నిలబడి డైరెక్టర్నే అడుగుతారు, నువ్వూ వచ్చావు, చూస్తావు, పోతావు, మేం ఏం చేస్తే బాగుపడతామో చెప్పు, చేస్తాం అని. అతని దగ్గర జవాబు లేదు. ఆ ముక్క ఎడిటింగులో తీసెయ్యకుండా ఉంచాడు చూడండి, అందుకు నేను గౌరవిస్తా

సగంటికెట్టు
ఉంచినంత మాత్రాన వాళ్లకేమొచ్చింది బాబాయ్

డాక్యుమెంటరీ_బాబాయ్
ఏమీ రాలేదు. అదే నా అనుమానం

నైట్‌డ్యూటీ
నాకు మంచిగ అనిపించింది 'ది వర్కర్స్ కప్' (2017). ఖతార్‌ల 2022 వరల్డ్ కప్ కోసం స్టేడియాలు కట్టేటోళ్లకే కంపెనీల వారిగ ఫుట్‌బాల్ టోర్నమెంట్ పెడుతరు. ఘనా పిల్లగాడు ఒకడు ఉంటడు, నిన్ను ఫుట్‌బాల్ క్లబ్బుల చేర్పిస్తనని ఏజెంటు చెప్తే నమ్మి వచ్చిండు, దిగినంక లేబర్ క్యాంపు. ఆటల గెలిస్తే ఎగురుతరు, కంపెనీ పేరు ఉన్న జెర్సీ ఏస్కొని. మర్రోజు పొద్దుగాల మళ్ల అదే బస్సు. ఏడుపులు లెవ్వు, జోకులేసుకుంటరు, ఆడపిల్లల గురించి మాట్లాడుకుంటరు, అచ్చం మేం ఉన్నట్టే. మేం గూడ రోజంత ఏడ్వలే గద

లేబర్‌లా_లలిత
ఆ సినిమా తర్వాత ఖతార్‌లో రూల్స్ కొన్ని మారాయి, 2020లో ఉద్యోగం మారాలంటే పాత యజమాని అనుమతి అక్కర్లేదన్నారు, 2021 మార్చి నుంచి నెలకి 1000 రియాళ్ల కనీస వేతనం పెట్టారు. దానికి కారణం వరల్డ్ కప్ మీద ప్రపంచం కన్ను, సంఘాల ఒత్తిడి, ఐఎల్ఓలో నడిచిన ఫిర్యాదు. సినిమాలు ఆ కన్ను అటు తిరగడానికి కొంచెం పనికొచ్చి ఉంటాయి, అంతకంటే క్రెడిట్ నేను ఇవ్వను.

సైట్‌లో_ఉన్నా
'ఇట్స్ ఎ ఫ్రీ వరల్డ్' చూశా, రాత్రి కూర్చుని. ఆ చెక్కు బౌన్స్ అయిన సీను వరకు ఏంజీ మీద నాకు జాలే. తర్వాత తన మనుషులకి చోటు కావాలని వేరేవాళ్లు ఉంటున్న క్యారవాన్ల మీద ఇమిగ్రేషన్ వాళ్లకి ఫోన్ చేస్తుంది చూశారా, అది నేను ఒప్పుకోను, అలా ఎవరూ చెయ్యరు అనను కానీ నేనైతే చెయ్యను. అయినా నా పాయింటు అక్కడే ఉంది, ఆ చెక్కు ఇచ్చినవాడు సినిమాలో మళ్లీ కనిపించడేంటి? వాణ్ణి ఎవరూ కట్టేసి కొట్టలేదు, ఏంజీ ఇంట్లోకే దూరారు

నైట్‌డ్యూటీ
సైట్‌లో అన్నా, ఆ పైనోడు ఎవడో పనోళ్లకు ఎర్కనే ఉండడు గద. వాళ్లకు కనవడ్డది ఏంజీ. నీ బిల్లు ఆగితే నువ్వు ఫోన్ చేసి అడుగుతవ్, రేపు ఇంకో కంపెనీల పని పట్టుకుంటవ్. మేం అడిగితే వీసా పోతది

సైట్‌లో_ఉన్నా
అదీ నిజమే. కానీ మమ్మల్ని మాత్రమే పట్టుకుంటే పైవాడు హాయిగా ఉంటాడు

లేబర్‌లా_లలిత
మీ ఇద్దరూ చెప్పేదానికి చట్టంలో ఒక జవాబు ఉంది, కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పైన పని చేయించుకున్న కంపెనీయే కట్టి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలి. 2025 దాకా అమల్లో ఉన్న మన 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం అలాగే అంది. యూరప్‌లో కూడా కన్‌స్ట్రక్షన్ సబ్‌కాంట్రాక్టులకి 2014లో అలాంటి రూలే తెచ్చారు. చిక్కేంటంటే అడగాలంటే కార్మికుడి దగ్గర తను ఆ సైట్లో పనిచేసినట్టు ముక్క కాగితం ఉండాలి, నాలుగు అంచెల కింద అది ఎవరూ ఇవ్వరు. హాజరు బుక్కు ఫొటో, గేటు పాసు, జీతం గురించిన వాట్సాప్ మెసేజు, ఏదైనా సరే తీసి పెట్టుకోమని నేను వచ్చిన ప్రతివాళ్లకీ చెప్తా. ఈ సీను ఒక్క సినిమాలోనూ చూడలేదు నేను.

ఇంటర్వెల్_బ్యాంగ్
హాజరు బుక్కు ఫొటో తీసే హీరో, విజిల్స్ పడవు కానీ నేను టికెట్ కొంటా

రీలుమారింది
లిస్టు రాసుకున్నా. ముందు సెంబెన్ సినిమా, గంటే కాబట్టి. తర్వాత 'మూన్‌లైటింగ్'. సుజాత గారూ, 'ఓవర్‌సీస్'కి సబ్‌టైటిల్ ఫైల్ ఉందా మీ దగ్గర?

సుజాత_సబ్‌టైటిల్స్
ఇంగ్లీషుది ఉంది. తెలుగుది సగం చేసి ఆపేశా, ఆ మేడం తిట్లన్నీ తెలుగులో టైప్ చేస్తుంటే చెయ్యి ఆడలేదు. ఎవరైనా మిగతా సగం పట్టుకుంటానంటే పంపిస్తా

సగంటికెట్టు
తిట్లయితే నాకు పంపండి